కడిగిన రాళ్ళు

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు టీవీ పెట్టింది. ఎవరో సైంటిస్టులు ఓడ మీద నిలబడి, సముద్రం అడుగున ఉన్న బురదను పొడవాటి గొట్టాల్లోకి లాగుతున్నారు. ఆ బురద పొరలు చూసి వేల ఏళ్ళ కిందట వానలెలా పడ్డాయో, ఎండలెలా కాశాయో చెప్పేస్తారట. "దేఖో నానీ, క్యా కమాల్ హై!" అంది పిల్ల. దానికి తెలుగు నాలుగు ముక్కలు వస్తే ఎక్కువ. "కమాలేటే, నా మొహం! మా నందిని గనిలో ఒకాయన ఓడా లేకుండా, సముద్రమూ లేకుండా ఈ పనే చేసేవారు. నేనే చెడగొట్టాను," అన్నాను. పిల్ల సగం విని మళ్ళీ టీవీలో పడింది. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయన వాళ్ళెవరైనా చదివి బాధపడతారేమోనని. ఆయనకి ఎవరూ లేరని నాకు తెలుసు, అయినా రాయను. ఉన్న రోజుల్లో కూడా పేరుతో పిలిచినవాళ్ళు తక్కువే. గనిలో కూలీలు పత్థర్ బాబు, అంటే రాళ్ళ బాబు, అనేవారు. ఆఫీసులో గుమాస్తాలు వెనకాల రాళ్ళు నాకే సారు అని నవ్వుకునేవారు. నేను ఎదురుగా సార్ అనేదాన్ని, ఇంటికెళ్ళి మా అమ్మ దగ్గర మాత్రం ఆయన్ని అనుకరించి నవ్వించేదాన్ని.

నందిని అంటే భిలాయి స్టీలు ప్లాంటుకు సున్నపురాయి పంపే గని. కొలిమిలో ఇనుప రాయి కరగాలంటే సున్నపురాయి కూడా వెయ్యాలి, మడ్డినంతా అదే లాక్కుపోతుంది. ఎన్ని లారీలు పంపినా, ఎన్ని వ్యాగన్లు నింపినా ఆ కొలిమికి చాలేది కాదు. నేను అరవైల మొదట్లో అక్కడ టైపిస్టుగా చేరాను. మా నాన్న బిలాస్‌పూర్ రైల్వేలో ఫిట్టరు, తాతల నాటి ఊరు విజయనగరం దగ్గర. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. నాన్న పోయాక అమ్మా నేనూ గని కాలనీలో ఒక గది క్వార్టర్లో దిగాం. ఆయన అప్పటికే అక్కడ జియాలజిస్టు. శ్రీకాకుళం జిల్లాలో ఉప్పుమడుల ఊరు ఆయనది. పెళ్ళి చేసుకోలేదు.

రాళ్ళు నాకడం నిజమే. గని నుంచి రాయి వస్తే ముందు చొక్కాకి తుడిచేవారు. తర్వాత నాలికతో తడిపేవారు. తర్వాత భూతద్దం పెట్టేవారు. తడిస్తే పొరలు బాగా కనబడతాయట. చేరిన మొదటి వారంలోనే నేను ఉండబట్టలేక, "బకెట్టు నిండా నీళ్ళున్నాయి కద సార్," అన్నాను. నాకు మొదట్నుంచీ నోరు ఎక్కువ. "బకెట్టు దాకా ఎవులెళ్తారమ్మా," అన్నారు రాయి మీంచి కన్నెత్తకుండా. బకెట్టు ఆయన కాలి పక్కనే ఉంది.

చొక్కా జేబులో చిన్న సీసాలో ఆసిడ్ పెట్టుకు తిరిగేవారు. సున్నపురాయి మీద ఒక చుక్క వేస్తే బుసబుసమని పొంగుతుంది, పొంగకపోతే అది సున్నపురాయి కాదు. ఆ సీసాకి మూత ఏనాడూ సరిగా బిగించరు. దాంతో ఆయన చొక్కాలన్నీ ఎడమ జేబు దగ్గర జల్లెడలే. మా అమ్మ పిలిచి మరీ మాసికలు వేసిచ్చేది. "ఓలమ్మో, ఏటి బాబూ ఇది! ఏదో ఒకనాడు ఈ మందు గుండె దాకా దిగిపోతాది," అని తిట్టేది. "గుండెలో సున్నం లేదమ్మా, పొంగదు," అనేవారాయన, నవ్వకుండా. అది హాస్యమో నిజమో తెలీక మా అమ్మ నా మొహం చూసేది.

పొద్దున్నే ఆఫీసులోకి వస్తూనే వాతావరణం చెప్పేవారు. బయటిది కాదు, రాయిలోది.

"ఈ ఏడు వానల్లేవమ్మా," అనేవారు నిజంగా దిగులు పడుతూ. చేతిలో వేలెడంత రాయి, దాని మీద గోటితో ఒక గీత చూపిస్తూ. "ఇక్కడ బాగానే పడ్డాయి. ఇదిగో, ఏరు మట్టి తెచ్చి పోసింది. తర్వాత మూడేళ్ళు చూడు, చుక్క లేదు."

"అయ్యో పాపం, పంటలన్నీ పోయుంటాయి సార్."

"పంటలేటమ్మా! గడ్డిపోచైనా పుట్టలేదు అప్పటికి. చేప లేదు, పురుగు లేదు. నాచొక్కటే. నాచూ, నీళ్ళూ, ఎండా."

"మరి ఏడాదని ఎలా తెలిసింది సార్, అప్పుడు కేలండరు కూడా లేదు కదా?"

నేను వేళాకోళానికి అడిగింది ఆయన ఎప్పుడూ గట్టిగానే పట్టుకునేవారు. రాయి బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని, "అదేనమ్మా తేల్చాల్సింది," అనేవారు. సన్న పొర ఒకటి, మందం పొర ఒకటి, మళ్ళీ సన్న పొర. ఇవి ఏడాదికొకటి చొప్పున పడ్డాయా, లేక ఎప్పుడు పడితే అప్పుడు పడ్డాయా? పది పొరలు చూస్తే తెలీదు. వంద చూసినా తెలీదు. సముద్రం వచ్చిన మొదటి రోజు నుంచి ఎండిపోయిన ఆఖరి రోజు దాకా వరసగా, మధ్యలో ఒక్కటీ పోకుండా చూస్తే, ఎన్నేళ్ళకోసారి కరువొచ్చేదో, ఎన్నేళ్ళకోసారి నీరు పొంగేదో ఒక లెక్కకి వస్తుంది. ఆ వరస ఒక్కటీ దొరికితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనేవారు. నేను బుర్ర ఊపి నా స్టేట్‌మెంట్లు నేను కొట్టుకునేదాన్ని.

ఆయన్ని నేను వేళాకోళం చెయ్యడం మానేసిన రోజు ఒకటుంది. ఒక మధ్యాహ్నం ఊదారంగు పలక ఒకటి తెచ్చి నా టైపు మిషను పక్కన పెట్టారు. దాని మీద మశూచి మచ్చల్లాగ చిన్న చిన్న గుంటలు. "వేలెట్టి చూడమ్మా," అన్నారు. పెట్టాను. నా చిటికెనవేలి కొన సరిగ్గా సరిపోయింది. "ఏటనుకుంటన్నావు? వాన చినుకు. తడి మట్టి మీద పడింది, తర్వాత ఎండ కాసింది, మట్టి గట్టిపడిపోయింది. దాని మీద ఇంకో పొర వచ్చి కప్పేసింది. కోట్ల ఏళ్ళు. మళ్ళా ఇవాళ మన డ్రిల్లింగువాళ్ళు తీసేరు." నేను వేలు తియ్యలేదు. "మొట్టమొదట దీన్ని ముట్టుకున్నది మనమే," అని ఆయన చాలా చిన్నగా అన్నారు. ఆ రోజు నుంచి ఆయన రాసిందేదైనా అడక్కుండానే టైపు చేసి పెట్టేదాన్ని.

అదే మనిషి మధ్యాహ్నం పూట గనిలో పేలుడుకి ముందు సైరను మోగితే చేస్తున్న పని ఆపి, బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చునేవారు. ఏ గోడ పేల్చాలో గుర్తు పెట్టేది ఆయనే. ఆయన ఉద్యోగమే అది: ఎక్కడ రాయి శుభ్రంగా ఉందో, ఎక్కడ సిలికా, అంటే ఇసక పాలు, తక్కువో చూసి సున్నంతో గీత గియ్యడం. కోసిన క్యాబేజీలాగ పొరలు పొరలుగా నాచు పెరిగిన రాయి ఒకటుంటుంది, ఆయన చదవాలనుకునేది దాన్నే. కొలిమికి మంచిదీ అదే. "నాకిష్టమైన దగ్గరే గీత గియ్యాల. నా కర్మ అలాగుందమ్మా," అనేవారు. పేలుడయ్యాక కిటికీ అద్దాలు గలగలలాడేవి. అవి ఆగాక మళ్ళీ పెన్సిలు తీసుకునేవారు.

గోడలన్నీ ఎలాగూ పోతాయని తెలిసే ఆయన ఒక ఏడాది గని మేనేజరు పెద్దసాహెబు వెంట పడ్డారు. ఒక్క బోరు, ఒకే ఒక్కటి, ఎంత లోతుకి వెళ్తే అంత లోతు వెయ్యనివ్వమని. గనికి కావలసిన లోతు ఎప్పుడో దాటిపోయింది. అడుగున ఇంకా మంచి రాయి ఉండొచ్చని ఏదో కాగితం రాసి, నా చేత మూడుసార్లు టైపు చేయించి, ఎలాగో ఒప్పించారు. ఆ డ్రిల్లు మిషను వర్షాకాలం వెళ్ళి వర్షాకాలం దాకా తిరిగింది. లోపలి నుంచి మణికట్టంత లావు రాతి కడ్డీలు ముక్కలు ముక్కలుగా వచ్చేవి. వాటిని కోర్ అంటారు. గళ్ళు గళ్ళున్న పొడవాటి చెక్క పెట్టెల్లో, పుస్తకంలో వరసల్లాగ, ఎడమ నుంచి కుడికి పేర్చేవారు. ఎంత లోతులో వచ్చిందో ఒక చిన్న చెక్కముక్క మీద పెన్సిలుతో రాసి మధ్యమధ్య అడ్డంగా పెట్టేవారు. రాళ్ళ మీద ఏమీ రాయరు. ఆ చెక్కముక్కలే గుర్తు. అడుగున ఇసకరాయి తగిలిన రోజు, అంటే సముద్రానికి ముందున్న నేల తగిలిన రోజు, ఆయన మా ఇంటికొచ్చి మా అమ్మని కాఫీ అడిగారు. ఎవరింట్లోనూ ఏమీ అడగని మనిషి.

ఆ తర్వాత మిషను ఇనుప గనుల వైపు వెళ్ళిపోయింది. బోరు వేసిన చోటు ఏడాదిలో గనిలో కలిసిపోయింది. మిగిలింది రేకుల షెడ్డులో పెట్టెలే. షెడ్డు గుమ్మం పొట్టి, నేల చూస్తూ నడిచే అలవాటు కాబట్టి వెళ్ళినప్పుడల్లా నుదురు కొట్టుకునేవారు. లోపల దీపం లేదు. ఆదివారాలు వెలుగున్నంతసేపు ఒక్కో ముక్కా తీసి, పొరలు కొలిచి నోటుపుస్తకంలో ఎక్కించేవారు. మూడో వంతు అయింది. పైనున్న మూడో వంతు. ఒక ముక్కలో నలుచదరం గుర్తులు దొరికితే పరిగెత్తుకొచ్చి, "ఉప్పమ్మా! ఉప్పు గళ్ళు! సముద్రం ఎండిపోయి ఉప్పు తేలింది. మా అయ్య మడిలో అచ్చం ఇలాగే," అని, ఆ ముక్క పట్టుకుని మళ్ళీ షెడ్డులోకి పరిగెత్తారు.

కలకత్తాలో ఒక ప్రొఫెసరుకి ఉత్తరం రాశారు. నేనే టైపు చేశాను. జవాబు వచ్చినరోజు దాన్ని నా బల్ల మీద పెట్టి, చదవమన్నట్టు నిలబడ్డారు. డిసెంబరులో వస్తానని రాశాడు ప్రొఫెసరు. కోర్ మొదటి నుంచి చివరి దాకా వరసగా ఉంటే దాన్ని విశ్వవిద్యాలయానికి తరలిస్తాననీ, దాంతోపాటు ఆయన్నీ తీసుకుంటాననీ. ఆయనకప్పటికి నలభై దాటాయి. ఆ వయసులో ఇలాంటి ఉత్తరం ఇంకోటి రాదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. "ఇంక గీతలు గియ్యక్కర్లేదు సార్ మీరు," అన్నాను. ఆయన ఉత్తరం మడిచి ఆసిడ్ సీసా ఉన్న జేబులో పెట్టుకోబోతే నేను అరిచి లాక్కుని ఫైల్లో పెట్టాను.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చింది. భిలాయిలో ఆ పూజ ఎలా చేస్తారో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. యంత్రమన్నదల్లా తలంటు పోసుకోవాల్సిందే. లారీలు, క్రషరు, పారలు, సుత్తులు, తూకం మిషను, అన్నీ కడిగి, తుడిచి, బొట్టు పెట్టి దండ వేస్తారు. ఒక ఏడాది నా టైపు మిషనుకి పసుపు రాసేస్తే రెండు రోజులు కాగితాలన్నీ పచ్చగా వచ్చాయి. పూజకి ముందురోజు ఆయన్ని ప్లాంటులో ఏదో మీటింగుకి పిలిచారు. వెళ్తూ షెడ్డు తాళం చెవి నాకిచ్చారు. "వాన ఎక్కువైతే రేకు కారతాదేమో, ఓసారి చూడమ్మా. పెట్టెలు ముట్టుకోనక్కర్లేదు." సరే సార్ అన్నాను.

మర్నాడు పొద్దున్న మేట్ సింహాచలం వచ్చాడు. కూలీల మీద పెద్ద వాడు. పలాస వైపు మనిషి, ప్లాంటు కట్టేటప్పుడు వచ్చి, క్యాంప్ 1 కూలీల బస్తీలో కొన్నాళ్ళుండి, తర్వాత గనికి మారాడు. వెనకాల పదిమంది రేజాలు, అంటే ఆడకూలీలు, ఛత్తీస్‌గఢ్ పల్లెల వాళ్ళు, చీపుళ్ళూ బకెట్లూ పట్టుకుని.

"అమ్మా, పత్తర్ బాబు షెడ్డు తాళమియ్యి. అన్నీ కడిగేసినాం. ఆయనదొక్కటీ మురికోడతంది."

"సార్ లేరు కదా, సింహాచలం."

"నేకపోతే ఏటి? అందరిదీ సేసి ఆయనదొగ్గేస్తే ఏటి బాగుంటాది? వచ్చి సూసి సంతోసపడతారు."

వాళ్ళకి ఆయనంటే ప్రాణం. ఎవరి వేలు నలిగినా తన జేబురుమాలు చింపి కట్టే సాహెబు ఇంకొకరు లేరు ఆ గనిలో. నా ముందు నెలవారీ స్టేట్‌మెంటు ఉంది, సాయంత్రానికి పంపాలి. తాళం చెవి ఇచ్చేశాను. "ఏమీ పారెయ్యకండి," అన్నాను కూడా. వాళ్ళూ ఏమీ పారెయ్యలేదు, పాపం.

గంట తర్వాత సింహాచలం గంప పట్టుకుని మళ్ళీ గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మా, ఈ సెక్కముక్కలు పెట్టెల్లో అడ్డడ్డంగా ఉన్నాయి. తీసేస్తే రాళ్ళు బాగా సర్దుకున్నాయి. ఈటినేటి సెయ్యమంతావు?" అవతల ప్రసాదానికి పొయ్యి వెలిగించారు. రెండు రోజులుగా వాన, కట్టెలన్నీ తడిసి పొగే తప్ప మంట లేదు, రేజాల అరుపులు నా దాకా వినబడుతూనే ఉన్నాయి. నేను అంకెల వరస మధ్యలో ఉన్నాను. తల ఎత్తితే వరస తప్పుతుందని ఎత్తలేదు. "పొడిగా ఉన్నాయి కదా, పొయ్యిలో పెట్టండి," అన్నాను. ఆ ముక్కల మీది అంకెలన్నీ నేను ఒకప్పుడు టైపు చేసినవే. ఒక్క క్షణం కళ్ళు పైకి తిప్పి ఉంటే అప్పటికింకా కదపని పెట్టెలైనా మిగిలేవి.

మూడు గంటలకి జీపు వచ్చింది. షెడ్డు ముందు అందరూ వరసగా నిలబడి ఆయన కోసం చూస్తున్నారు. గుమ్మానికి బంతిపూల దండ. ఆయన ఆ రోజు గుమ్మం దగ్గర ఆగి, తల వంచి లోపలికెళ్ళారు, నుదురు తగల్లేదు. నేనూ వెనకాలే వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, లోపల చాలా అందంగా ఉంది. రాళ్ళన్నీ తోమి కడిగారు. తెల్లవన్నీ ముందు పెట్టెల్లో, బూడిద రంగువి వాటి వెనక, ఊదావి అన్నిటికన్నా వెనక. పొడుగువొక వైపు, పొట్టివొక వైపు. ఒక్కో రాయికీ సింధూరం బొట్టు.

ఆయన ఒక ముక్క తీసుకున్నారు. అలవాటుగా నోటి దాకా తీసుకెళ్ళారు. అది ఇంకా తడిగానే ఉంది. మళ్ళీ ఎక్కడ తీశారో అక్కడ పెట్టేశారు.

"ఎలాగుంది బాబూ?" అన్నాడు సింహాచలం.

"బాగుంది సింహాచలం. ఇంత శుభ్రంగా నేనెప్పుడూ చూళ్ళేదు." పెట్టెల మీద చెయ్యి జరిపి, "మజ్జిలో చెక్కముక్కలుండాల..." అన్నారు.

"ఆ సెక్కముక్కలా బాబూ? పొయ్యిలో ఎట్టేసినాం. నేనే ఎట్టినాను. తడి కట్టెలు అంటుకోనేదు."

నేను అక్కడే ఉన్నాను, రెండడుగుల దూరంలో. నోరెక్కువని పేరున్నదాన్ని. పెట్టె అంచున రాలిన సింధూరం కొంగుతో తుడుస్తూ నిలబడ్డాను.

ఒక రేజా ఆకులో పూరీలూ బూందీ తెచ్చింది. "ఖా లే బాబూ," అంది సంబరంగా. ఆయన పెట్టె అంచు మీద కూర్చుని, ఒక్క బూందీ గింజ మిగల్చకుండా తిని, ఆకు మడిచారు. ఆ పూరీలు ఆ చెక్కముక్కల మంట మీద వేగినవే. తర్వాత బయటికొచ్చి, "పొయ్యెక్కడెట్టేరమ్మా?" అని నన్నడిగారు. చూపించాను. అక్కడ గొంతుక్కూర్చుని పుల్లతో బూడిద కెలికారు. సన్నగా వాన మొదలైంది. బూడిద ముద్దయిపోయింది. ఆయన కెలుకుతూనే ఉన్నారు. సింహాచలానికి అప్పుడు అనుమానం వచ్చి, "బాబూ, ఏటైనా తప్పు సేసినామా?" అని అడిగితే, "లేదు, లేదు. పూజ బాగా చేసేరు," అన్నారు.

వారం రోజులు నేను నిద్ర పోలేదు. ఆఖరికి ఒక మధ్యాహ్నం షెడ్డుకెళ్ళి, "సార్, నంబర్లు మళ్ళీ వేసేద్దాం. ఆ ప్రొఫెసరుకి ఎలా తెలుస్తుంది? మీరు చెప్పండి, నేను కొత్త చెక్కల మీద రాస్తాను," అన్నాను. ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది. ఒక తెల్లరాయి నా కుడి చేతిలో పెట్టారు, ఇంకొకటి ఎడమ చేతిలో. "సరే. ఏది ముందు?" అన్నారు. నేను చూశాను. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. "పోనీ, ఇందులో పైనేది, కిందేది? వాన ముందొచ్చిందా, ఎండ ముందొచ్చిందా?" రాళ్ళు రెండూ తిప్పి తిప్పి చూశాను. ఆయనే తీసుకుని పెట్టెలో పెట్టారు. "నాకూ తెలీదమ్మా," అన్నారు.

ప్రొఫెసరు డిసెంబరులో రానే వచ్చాడు. పెట్టెలు చూశాడు, ఏం జరిగిందని అడిగాడు. "నా అజాగ్రత్త. తాళం నా దగ్గరుంచుకోవాల్సింది," అన్నారాయన. పూజ సంగతి చెప్పలేదు, సింహాచలం పేరు చెప్పలేదు, నా పేరు చెప్పలేదు. ప్రొఫెసరు అయ్యో అయ్యో అని, టీ తాగి, ఆ జీపులోనే వెనక్కి వెళ్ళాడు. మంచివాడే. అతను మాత్రం ఏం చేస్తాడు?

ఆ తర్వాత రెండేళ్ళు ఆదివారాలు ఆయన ఒక్కటే పని చేశారు. విరిగిన రాయికి విరిగిన రాయి అతుకుతుందేమోనని ఒక ముక్క కొసకి ఇంకో ముక్క కొస ఆనించి చూడటం. కడిగేటప్పుడు ఒకదానికొకటి తగిలి కొసలన్నీ నలిగిపోయాయి, చాలావాటికి జత కుదరదు. సంగతి తెలిశాక సింహాచలం షెడ్డు గుమ్మంలో కూలబడి, "నాకు సేతులు ఇరిగిపోనేదే ఆ యేళ," అని ఏడ్చాడు. తర్వాత ప్రతి ఆదివారం వచ్చి ఆయన పక్కనే కూర్చుని తనూ అతికించి చూసేవాడు. మేం చూస్తుండగా కలిసినవి ఒక్క పెట్టెడు. పొద్దున్నే వాతావరణం చెప్పడం ఆయన పూర్తిగా మానేశారు. వచ్చి, సంతకం పెట్టి, గనిలోకి వెళ్ళి గీత గీసి వచ్చేవారు. సైరను మోగినా పెన్సిలు ఆపడం లేదు. ఒకరోజు నేనే, "సార్, ఇవాళ వానొస్తుందంటారా?" అని అడిగాను. "రేడియోలో చెప్తారు కదమ్మా," అన్నారు.

నేను ఎందుకు చెప్పలేదని నన్ను నేను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నానో. ఉద్యోగం పోతుందని కాదు. ఆయన నాతో ఇంక మాట్లాడరేమోనని. ఆయన ఎలాగూ మాట్లాడ్డం లేదు, అయినా ఆ భయం పోలేదు. సింహాచలం నిందంతా తన మీద వేసుకుని తిరుగుతుంటే చూస్తూ ఊరుకున్నాను. అంత సిగ్గుమాలిన పని నా జన్మలో ఇంకోటి చెయ్యలేదు. ఆదివారం ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే గంప పట్టుకున్న సింహాచలమే కనిపించేవాడు.

ఆయన తర్వాత ఉద్యోగం మానేసి ఊరెళ్ళిపోయారు. పోయారని కొన్నేళ్ళకి సింహాచలమే చెప్పాడు, ఊళ్ళో ఎవరో చెప్తే విని. ఏం జబ్బో, ఏ ఏడో అతనికీ తెలీదు. ఆ నోటుపుస్తకం ఏమయిందో ఎవరికీ తెలీదు. కానీ ఆయన వెళ్ళే ముందు జరిగింది ఒకటుంది, అది చెప్పకపోతే నేను మళ్ళీ తప్పించుకున్నదాన్నవుతాను.

షెడ్డు స్పేరు పార్టులకి కావాలని ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. రాళ్ళు తీసి రోడ్డు గుంతల్లో పోయమన్నారు. జవాబు రాయాల్సింది ఆయనే. నా బల్ల ముందు కుర్చీ వేసుకుని కూర్చుని డిక్టేషను మొదలుపెట్టారు. ఫలానా ఉత్తర్వు ప్రకారం షెడ్డు ఖాళీ చేస్తున్నాం. అందులో ఉన్నది నిరుపయోగమైన రాయి. అక్కడికొచ్చేసరికి నా వేళ్ళు ఆగిపోయాయి.

"సార్," అన్నాను. "ఆ చెక్కముక్కలు పొయ్యిలో పెట్టమన్నది సింహాచలం కాదు. అతను నన్నడిగాడు. నేనే పెట్టమన్నాను. తల కూడా ఎత్తలేదు సార్."

ఆయన నా వైపు చూడలేదు. చేతిలో పెన్సిలు బల్ల మీద పెట్టారు. తిడతారేమో, లేచి వెళ్ళిపోతారేమో, పోనీలే అమ్మా అంటారేమో అని నేను ఎదురుచూస్తున్నాను. ఏదైనా ఒకటి అనాలని దేవుణ్ణి వేడుకుంటున్నాను.

"ఎక్కడాపేం?" అన్నారు.

"నిరుపయోగమైన రాయి, అన్న దగ్గర సార్."

"ఆఁ. ఫుల్‌స్టాప్ పెట్టు. తర్వాత: రోడ్డుకి వెయ్యొద్దు. సిలికా తక్కువ. క్రషరుకి పంపండి, కొలిమికి మంచిది."

నేను ఏడుస్తూనే కొట్టాను. ఆయన ఆగమనలేదు.